1909 సిడ్నీ రగ్బీ లీగ్ ఫైనల్: ఎదుటి జట్టు లేకుండా ఇచ్చిన కప్పు గెలుపేనా?

పాత డ్రిల్లు మాస్టారు (సత్యనారాయణపురం, విజయవాడ)

అందరికీ నమస్కారం. ఇక్కడ కబడ్డీ, క్రికెట్ కబుర్లు తప్ప వేరేవి పెద్దగా నడవవని తెలుసు. అయినా రగ్బీ గురించి ఒక సంగతి అడుగుతున్నాను. అడిగేది రగ్బీ గురించే గానీ, నాకు నిద్ర పట్టనివ్వనిది మన చెడుగుడే. కాస్త ఓపిక పట్టి చదవండి.

ముప్పై రెండేళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. జిల్లాలో సంక్రాంతి టోర్నమెంట్లకి ఎన్నిటికి విజిల్ ఊదానో లెక్కలేదు. మొన్న వేసవిలో మా అమ్మాయి దగ్గరికి సిడ్నీ వెళ్లి మూడు నెలలు ఉండి వచ్చాం. మనకి రోహిణి ఎండలు, వాళ్లకి స్వెట్టర్లు. ఒక ఆదివారం అల్లుడు లైకార్ట్ ఓవల్ అనే గ్రౌండుకి తీసుకెళ్లాడు. వెస్ట్స్ టైగర్స్ ఆట. కుర్చీలు వద్దు, గడ్డి గట్టు మీద కూర్చుందాం మావయ్యా అన్నాడు. మన మోకాళ్ల సంగతి వాడికేం తెలుసు!

రగ్బీ అంటే ఒకరి మీద ఒకరు పడి దొర్లడం అనుకునేవాడిని. ఇది రగ్బీ లీగ్ అట, వేరే రకం. వైపుకి 13 మంది. బంతి పట్టుకుని వచ్చేవాడిని పడేస్తే ఆట ఒక్క క్షణం ఆగుతుంది. వాడు లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తాడు, మళ్లీ మొదలు. ఆరు పట్లు అయ్యాయంటే బంతి అవతలి వాళ్లకి. పది నిమిషాలు చూశాక అల్లుడితో అన్నాను, ఇది చేతికి బంతి ఇచ్చిన చెడుగుడేరా అని. కూత ఒక్కటే లేదు.

గట్టు మీద మా పక్కన ఒక పెద్దాయన. ఎనభై దాటి ఉంటాయి. నలుపు, నారింజ రంగుల పాత స్వెట్టర్, మోచేతి దగ్గర వేరే రంగు ఉన్నితో మాటు వేసి ఉంది. అల్లుడు మర్యాదకి "మా మావయ్యగారు, రిఫరీ" అని పరిచయం చేశాడు. అంతే, ఆయన ఆట చూడ్డం మానేసి నా వైపు తిరిగిపోయాడు. "మీరు రిఫరీ అయితే ఒక మాట చెప్పండి. 1909లో మా బాల్మెయిన్‌కి జరిగింది న్యాయమేనా?" అని మొదలెట్టాడు. మన ఊళ్లల్లో ముసలాళ్లు తాతలనాటి గట్టు తగాదా చెప్తారు చూడండి, నిన్న సాయంత్రం జరిగినట్టు, అచ్చం అలాగే చెప్పాడు. అల్లుడు పక్కన కూర్చుని తెలుగులోకి మారుస్తూ ఉన్నాడు.

నాకు అర్థమైనంతలో కథ ఇది. సిడ్నీలో పేటకో క్లబ్బు. 1908లో పోటీ మొదలైంది. రెండో ఏడు, అంటే 1909లో, పట్టికలో సౌత్ సిడ్నీ పైన, బాల్మెయిన్ రెండు. ఈ రెంటికీ ఫైనల్. కానీ నిర్వాహకులు ఆ ఫైనల్ని ఆ రోజుకి పెద్దాటగా పెట్టలేదు. కంగారూలు, వాలబీలు అని రెండు పేరున్న జట్లకి ఆట ఉంది, దానికి ముందు జనం సర్దుకునే వేళకి ఈ ఫైనల్ పెట్టారు. ఏడాదంతా ఆడి తెచ్చుకున్న ఫైనల్ ఇంకొకళ్ల ఆటకి ముందాటేంటని బాల్మెయిన్ వాళ్లకి మండింది. మేం ఆడం అన్నారు. సెప్టెంబర్ 18న గ్రౌండుకి వచ్చారు, కానీ లోపలికి కాదు. గేటు బయట నిలబడి, లోపలికి వెళ్లకండయ్యా అని జనానికి చెప్పారు. సౌత్ వాళ్లు మాత్రం గ్రౌండులోకి దిగారు. రిఫరీ విజిల్ ఊదాడు. ఎదురుగా మనిషి లేడు. సౌత్ వాళ్లే బంతిని తన్ని, వాళ్లే అందుకుని, వెళ్లి గీత అవతల పెట్టి వచ్చారు. కప్పు వాళ్లదైపోయింది.

"మా లెక్కలో 12 ఉండాలి, పుస్తకంలో 11 ఉన్నాయి" అన్నాడు పెద్దాయన. నేను రిఫరీని కదా, తీర్పు చెప్తానని చూశాడు. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ పని నేను చేశాను.

1991 సంక్రాంతి. ఊరి పేరు వద్దులెండి, కృష్ణ ఒడ్డున ఒక ఊరు. మూడు రోజుల కబడ్డీ టోర్నమెంటు. ఫైనల్ కనుమ రోజు సాయంత్రం ఆరింటికి, లైట్ల కింద అని కరపత్రం వేశారు. ఫైనల్‌కి వచ్చినవి ఆ ఊరి జట్టు, అవతల లంక జట్టు. లంక కుర్రాళ్లు పొద్దున్నంతా పసుపు పొలాల్లో, అరటి తోటల్లో పనిచేసి పడవలో దాటి వచ్చి ఆడేవాళ్లు. చెప్పులు కూడా లేవు. పట్టు పట్టారంటే మాత్రం ఉడుం పట్టే.

ఆ ఏడాది కొత్తగా ఎడ్ల బండలాగుడు పెట్టారు. దాత ఒకాయన డబ్బు పోశాడు. ఎక్కడెక్కడి నుంచో ఎడ్లు దిగాయి. కనుమ రోజు మధ్యాహ్నం కమిటీ వాళ్లు నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఫైనల్ రెండున్నరకి లాగేద్దాం, మూడున్నరకి బండలాగుడు మొదలవుద్ది, జనం ముందే వచ్చి కూర్చుంటారు" అన్నారు. టైం కమిటీ ఇష్టం, నా పని కోర్టు లోపల అనుకున్నాను. సరే అన్నాను.

లంక జట్టు వచ్చింది. పడవ దిగి వచ్చారు, సంగతి విన్నారు, కోర్టుకి యాభై అడుగుల దూరంలో రావిచెట్టు కింద కూర్చున్నారు. "ఎడ్లకి ముందు మేం ఆడం మాస్టారూ. ఆరింటికి అన్నారు, ఆరింటికే ఆడతాం" అన్నాడు వాళ్ల కెప్టెన్. గొంతు పెంచలేదు. నేను మూడుసార్లు విజిల్ ఊదాను. తర్వాత రూలు ప్రకారం పోదామని ఇవతలి రైడర్ని కూతకి పంపాను.

అదే నా తప్పు. వాకోవర్ అని రాసేస్తే సరిపోయేది, కూతకి పంపక్కర్లేదు. ఆ కుర్రాడు "కబడ్డీ కబడ్డీ" అంటూ ఖాళీ కోర్టులోకి వెళ్లాడు. అలవాటు కొద్దీ వంగి, చెయ్యి చాపి, ఇటూ అటూ చూస్తున్నాడు, ఎవరో మీద పడతారన్నట్టు. లోపలి గీత తొక్కి వెనక్కి వచ్చేసరికి గొంతు సగంలో ఆగిపోయింది. జనం పగలబడి నవ్వారు. రావిచెట్టు కింద వాళ్లు నవ్వలేదు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

ఇప్పుడు నా ప్రశ్న. సిడ్నీలో ఆ ఫైనల్ని ఇంకోరోజుకి ఎందుకు మార్చలేదు? అంత తొందర దేనికి? ఆ పెద్దాయన ఇంకో మాట కూడా అన్నాడు, సౌత్ వాళ్లు కూడా మేమూ దిగం అని ముందు మాటిచ్చి తప్పారని. నిజమేనా? వందేళ్లు దాటాక కూడా అది గెలుపు కింద లెక్కలో ఉందా? ఆ చరిత్ర తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

---

కొత్తపేట కారం (గుంటూరు)

మాస్టారూ, ఇంత చిన్నదానికి ముప్పై ఏళ్ల పైన నిద్ర మానుకున్నారా! టైముకి రానోడు ఓడినట్టే. మా మిర్చి యార్డులో టిక్కీలు దించుకుని రైతు టీ తాగడానికెళ్తే ధర ఎవడైనా ఆపుతాడా? ఫైనలంటే ఫైనల్. ఎడ్ల ముందు ఆడితే ఏం పోయింది, ఎడ్లేమైనా స్కోరు అడిగాయా?

పైగా బంతి వాళ్లే తన్ని వాళ్లే పట్టుకోవడం సూపర్. మా కాలేజీ టోర్నమెంట్లో మేం అలా గెలిస్తే నెల రోజులు కాలర్ ఎగరేసేవాళ్లం.

---

అరండల్‌పేట అబ్బాయి (గుంటూరు)

మాస్టారూ, నమస్తే. నేను సిడ్నీలో ఎనిమిదేళ్లు ఉండి రెండేళ్ల కింద గుంటూరు వచ్చేశాను. అక్కడ ఆఫీసులో మా టీం లీడ్ సౌత్ సిడ్నీ భక్తుడు. కాబట్టి నేను విన్నది అవతలి పక్షం. అందుకని రెండు వైపులవీ చదివాను. తొందర ఎందుకు అన్నారు కదా, డబ్బు మాస్టారూ. మీ బండలాగుడు దాత లాంటాయన అక్కడా ఉన్నాడు.

కొంచెం వెనక్కి వెళ్లాలి. అసలు రగ్బీ లీగ్ పుట్టిందే డబ్బు గొడవ మీద. 1895 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లో హడర్స్‌ఫీల్డ్ ఊళ్లో జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని రగ్బీ యూనియన్ (పాత రకం రగ్బీ, దాన్ని నడిపే సంఘం) నుంచి విడిపోయాయి. మిల్లు కూలీలు, గని పనివాళ్లు ఆటకి వస్తే ఆ రోజు కూలీ పోతుంది, అది ఇవ్వాలన్నారు. పెద్దమనుషులు ఇవ్వం అన్నారు. సిడ్నీలోనూ అదే కథ. అలెక్ బర్డన్ అనే ఆటగాడు ఆటలో భుజం పాడై పనికి పోలేకపోయాడు, యూనియన్ పైసా ఇవ్వలేదు. 1907 ఆగస్టు 8న జార్జ్ స్ట్రీట్‌లో బేట్‌మన్స్ క్రిస్టల్ హోటల్లో మీటింగు పెట్టి న్యూ సౌత్ వేల్స్ రగ్బీ లీగ్ పెట్టారు. దానికి ట్రెజరర్ ఎవరో తెలుసా? క్రికెటర్ విక్టర్ ట్రంపర్! 1902లో మాంచెస్టర్ టెస్టులో మొదటి రోజు లంచ్ లోపే సెంచరీ కొట్టిన ట్రంపర్. సెక్రటరీ గిల్టినన్, ప్రెసిడెంటు హొయిల్.

1908 ఏప్రిల్ 20న మొదటి ఆటలు. తొమ్మిది జట్లు. ఆ రోజు బాల్మెయిన్ వెస్టర్న్ సబర్బ్స్‌ని 24-0 కొట్టింది, మీ పెద్దాయనకి ఇది చెప్పుంటే టీ ఇప్పించేవాడు. సౌత్ సిడ్నీ నార్త్ సిడ్నీ మీద 11-7. ఆ ఏడాది ఫైనల్లో సౌత్ 14-12తో ఈస్టర్న్ సబర్బ్స్ మీద గెలిచింది. దానికీ ఒక "కానీ" ఉంది. ఈస్టర్న్ వాళ్ల స్టార్ డాలీ మెసెంజర్‌తో సహా మంచి ఆటగాళ్లు చాలామంది అప్పటికే ఓడెక్కి ఇంగ్లండ్ టూర్‌కి వెళ్లిపోయారు. సౌత్ వాళ్లవీ వెళ్లారనుకోండి, హెనెసీ, కాన్ లాంటి వాళ్లు. మా టీం లీడ్ ఈ ముక్క చెప్పకుండా వదిలేవాడు కాదు.

ఆ టూరే కొంప ముంచింది. కంగారూలు అంటే ఆ టూర్ జట్టే. 45 ఆటలాడి 17 గెలిచి, 22 ఓడి, 6 డ్రా చేశారు. చలి, వర్షం, పైగా లాంకషైర్‌లో నూలు మిల్లులు మూతపడి కూలీల చేతిలో టిక్కెట్టుకి డబ్బుల్లేవు. గిల్టినన్ సొంత డబ్బు పెట్టి తీసుకెళ్లాడు, దివాలా తీశాడు. 1909లో హొయిల్, గిల్టినన్, ట్రంపర్ ముగ్గురినీ లీగ్ నుంచి తప్పించేశారు. పోటీకి రెండో ఏడు, ఖజానా ఖాళీ, మొదటి ఏడాదిలో ఒకే ఒక్క ఆట గెలిచిన కంబర్లాండ్ క్లబ్బు మూతపడింది. ఎనిమిది జట్లు మిగిలాయి.

అప్పుడు వచ్చాడు జేమ్స్ జాయింటన్ స్మిత్. హోటళ్లున్న ఆసామి, తర్వాత రోజుల్లో సిడ్నీకి లార్డ్ మేయర్ కూడా అయ్యాడు. వాలబీలు అంటే రగ్బీ యూనియన్ వాళ్ల జాతీయ జట్టు, 1908 లండన్ ఒలింపిక్స్‌లో కార్న్‌వాల్‌ని 32-3తో ఓడించి బంగారు పతకం తెచ్చినవాళ్లు. ఆ టూర్లో వాళ్లకి ఇచ్చింది రోజుకి మూడు షిల్లింగులు. స్మిత్ జేబులోంచి డబ్బు తీసి పదిమందికి పైగా వాలబీలని లీగ్ వైపు లాగేశాడు. లాగినవాళ్లని కంగారూల మీద ఆడించారు, జనం విరగబడి వచ్చారు. ఇది సెప్టెంబర్ 1909 మాట. ఆయన పెట్టిన డబ్బు తిరిగి రావాలి, అందుకే ఆట మీద ఆట. సెప్టెంబర్ 18న ఉన్నది ఆ వరుసలో నాలుగోది. ఆ రోజు గేటు (టిక్కెట్ల వసూలు) నిండాలంటే ఫైనల్ కూడా అదే టిక్కెట్టు మీద కట్టేశారు. ఇంకోరోజుకి మారిస్తే ఈ గేటుకి జనం తగ్గుతారు. మీ కమిటీ వాళ్లు "జనం ముందే వచ్చి కూర్చుంటారు" అన్నారు చూడండి, అక్షరం మారలేదు.

బాల్మెయిన్ వాళ్ల కోపం కూడా అక్కడిదే. అది రేవు పనివాళ్ల పేట మాస్టారూ. ఓడలు బాగుచేసే మోర్ట్స్ డాక్, నగరం మధ్యలోనే బొగ్గు గని. సమ్మె అంటే ఏంటో, గేటు దగ్గర నిలబడడమంటే ఏంటో వాళ్లకి ఒకరు నేర్పక్కర్లేదు. పనివాడికి కూలీ ఇవ్వాలని పుట్టిన ఆట రెండో ఏడాదికే దాత గేటు లెక్కలు చూసుకుంటోంది అని వాళ్ల బాధ. అలా నేను అనుకుంటున్నాను, వాళ్లు ఈ మాటల్లో అనుండకపోవచ్చు.

సౌత్ మాట తప్పిందా అనేది రెండు నోళ్ల కథ. బాల్మెయిన్ వైపు తరాలుగా చెప్పుకునేది, రెండు జట్లూ దిగకూడదని ఒప్పుకున్నాయని. సౌత్ వైపు అడిగితే, అలాంటి ఒప్పందం ఎక్కడ, ఆట ఉంది, మేం వచ్చాం, అంతే అంటారు. మా టీం లీడ్‌ని అడిగినప్పుడల్లా మాట మార్చి, 2014లో సౌత్ గెలిచిన కప్పు గురించి మాట్లాడేవాడు.

లెక్కలో ఉందా అంటే, ఉంది. సౌత్ సిడ్నీకి 21 టైటిళ్లు, ఆస్ట్రేలియాలో అందరికంటే ఎక్కువ. 1909 అందులో ఒకటి. బాల్మెయిన్ మొదటి కప్పు కోసం 1915 దాకా ఆగింది, ఆ తర్వాత వరసగా కొట్టింది. అన్నింటికంటే తియ్యగా తగిలింది 1969. ఫైనల్లో మళ్లీ సౌత్ సిడ్నీయే ఎదురు, అందరూ సౌత్‌దే అన్నారు. బాల్మెయిన్ 11-2తో గెలిచింది. సరిగ్గా 60 ఏళ్లకి. ఆ రోజు బాల్మెయిన్ ఆటగాళ్లు దెబ్బ తగిలిందని మాటిమాటికీ కింద పడుకుని సౌత్ ఊపు ఆపేశారని సౌత్ వాళ్లు ఇప్పటికీ తిడతారు. అంటే ఇప్పుడు అటు నుంచి ఒక గట్టు తగాదా, ఇటు నుంచి ఒకటి.

1999 తర్వాత బాల్మెయిన్ విడిగా లేదు. మొదటి రోజు 24-0తో కొట్టిన ఆ వెస్టర్న్ సబర్బ్స్‌తోనే కలిపి వెస్ట్స్ టైగర్స్ చేశారు. మీరు చూసింది ఆ జట్టునే. మీ పెద్దాయన స్వెట్టరు పాతది అన్నారు కదా, ఎందుకు మార్చలేదో అర్థమైందా?

అన్నట్టు మీరు చెప్పిన ఆరు పట్ల లెక్క 1909లో లేదు. ఎన్నిసార్లు పట్టినా బంతి వాళ్ల దగ్గరే ఉండేది. 1967లో నాలుగు పట్లని పెట్టారు, 1971లో ఆరు చేశారు. కాబట్టి అప్పటి ఆట చూసుంటే మీకు చెడుగుడు గుర్తొచ్చేది కాదేమో.

---

లబ్బీపేట లాయరమ్మ (విజయవాడ)

మాస్టారు గారూ, ఆట గురించి నాకు తెలిసింది సున్నా. కానీ మీరు రాసింది చదివి ఉండబట్టలేక రాస్తున్నాను.

కోర్టులో కేసు పిలిచినప్పుడు ప్రతివాది రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఒక పక్షమే విని తీర్పు, ఇస్తారు. జడ్జిగారు తప్పు చేసినట్టు కాదు, పని ఆగకూడదు కాబట్టి. కానీ సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 9 రూల్ 13 అని ఒకటి పెట్టారు. రాకపోవడానికి సరైన కారణం చూపిస్తే ఆ డిక్రీ కొట్టేయమని అడగొచ్చు. ముప్పై రోజుల గడువు. అంటే రాకపోవడం, ఓడిపోవడం ఒకటి కాదని చట్టానికే తెలుసు. కారం గారికి తెలియకపోతే ఏం చేస్తాం.

ఇంకొకటి. నోటీసులో ఆరు అని, విచారణ రెండున్నరకి పెడితే అసలు నోటీసే చెల్లదు. టైం కమిటీ ఇష్టం అన్నారు మీరు. కరపత్రం అచ్చేశాక అది కమిటీ ఇష్టం కూడా కాదండీ.

ఒక్కటి అడుగుతాను, మరోలా అనుకోకండి. స్కోరు షీటు మీద ఆ రోజు ఏం రాశారు?

---

కొత్తపేట కారం (గుంటూరు)

మేడం, నేను మిర్చి గురించి మాట్లాడా, సివిల్ ప్రొసీజర్ గురించి కాదు. సరే, వెనక్కి తగ్గా. కరపత్రం సంగతి నేను సరిగ్గా చదవలేదు. అరండల్‌పేట బ్రదర్, 45లో 17 గెలిచి దివాలా తీశాడా? ట్రంపర్ లెక్కలు చూశాడంటే బ్యాటింగ్‌లాగే చూసుంటాడు, పోయినవి పోనీ అని.

---

పాత డ్రిల్లు మాస్టారు (సత్యనారాయణపురం, విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది, కారణం ఉంది.

అబ్బాయ్, నువ్వు రాసింది మా అల్లుడికి పంపాను. వాడు అక్కడి పెద్దాయన కనిపిస్తే 24-0 సంగతి చెప్తానన్నాడు. దాత, గేటు లెక్క చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. మా ఆవిడ వచ్చి టీ చల్లారిపోయిందంటే గానీ లేవలేదు. నేను ఇన్నేళ్లూ రిఫరీది తప్పా, జట్టుదా అనే చూశాను. టైం మార్చినవాడి వైపు చూడనేలేదు.

అమ్మా, మీరు అడిగింది మాత్రం గుచ్చుకుంది. అటక మీద ట్రంకు పెట్టెలో పాత స్కోరు షీట్లు కట్టలు కట్టి పెట్టుకున్నాను, రిటైరైనా పారేయలేదు. నిచ్చెన ఎక్కొద్దని మా ఆవిడ గోల. పక్కింటి కుర్రాడితో దింపించాను. సగం చెదలు తిన్నాయి. 1991 కట్ట బాగానే ఉంది. దారం పుచ్చిపోయి తెగింది, కాగితాలు పసుపు రంగుకి తిరిగాయి. ఆ షీటు మీద నా చేతిరాతే: "ప్రత్యర్థి జట్టు గైర్హాజరు. 1-0." కింద నా సంతకం. ఇవతలి కెప్టెన్ సంతకం. రెండో సంతకం చోట ఖాళీ.

ఆ 1 కూడా చూడండి. ఆ కుర్రాడి కూతకి నేను వేసిన పాయింటు. ఎవరిని ముట్టుకున్నాడని?

లంక కెప్టెన్ నంబరు సంపాదించడానికి మూడు రోజులు పట్టింది. ఇప్పుడతను అక్కడే ఉంటున్నాడు, అరటి తోట కౌలుకి చేస్తున్నాడట. నా గొంతు విని గుర్తుపట్టలేదు. విజిల్ మాస్టారిని అన్నాక గుర్తుపట్టాడు. "బాగున్నారా మాస్టారూ, ఆరోగ్యం ఎట్టా ఉంది" అన్నాడు ముందు. నేను ఆ ఫైనల్ గురించే ఫోన్ చేశానన్నాను. కాసేపు మాట్లాడలేదు. మోటారు చప్పుడు వినపడుతోంది వెనకాల.

"ఓడిపోయామని రాసినా నాకు బాధ లేదు మాస్టారూ" అన్నాడు. "మేం రాలేదని రాశారంట కదా, మరుసటేడు కమిటీ వాళ్లు అదే చూపించి మమ్మల్ని పిలవలేదు. మేం వచ్చాం కదండీ. మీరు విజిల్ ఊదితే రావిచెట్టు కిందికి వినపడింది. మూడుసార్లు ఊదారు."

మరుసటేడు వాళ్లని పిలవలేదన్న సంగతి నాకు తెలియదు. ఆ ఏడు నాకు వేరే ఊరి టోర్నమెంటు పడింది, ఆ వైపు వెళ్లలేదు. నువ్వు అప్పుడే వచ్చి నాకెందుకు చెప్పలేదురా అని నోటిదాకా వచ్చింది. ఆగిపోయాను.

ఏం చెయ్యను మరి ఇప్పుడు అని అడిగాను. "ఏం చేస్తారు మాస్టారూ, ఆ కోర్టు చోట ఇప్పుడు కల్యాణమండపం కట్టారు. రండి ఒకసారి, పెసరట్టు తినిపోదురుగాని" అన్నాడు. ఆ రోజు కూతకెళ్లిన కుర్రాడు కూడా ఇప్పుడు లంకలోనే కాపురమట, ఇతని చెల్లెల్నే చేసుకున్నాడట. పెళ్లిలో వాడిచేత నలుగురూ కలిసి ఖాళీ గదిలో కూత పెట్టించి ఏడిపించారని చెప్పి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత.

ఆదివారం వెళ్తున్నాను. షీటు జిరాక్స్ తీయించాను. "గైర్హాజరు" కొట్టేసి "జట్టు హాజరైంది, ఆడలేదు; కరపత్రంలో చెప్పిన టైం సాయంత్రం 6" అని రాద్దామని. పాయింటు కూడా కొట్టేస్తాను. ఒరిజినల్ మీద రాయాలా, జిరాక్స్ మీదా అన్నది లాయరమ్మ గారు చెప్పాలి.

---

లబ్బీపేట లాయరమ్మ (విజయవాడ)

ఒరిజినల్ దిద్దకండి మాస్టారు గారూ. పాత రాత అలాగే ఉండనిచ్చి, కింద ఈరోజు తేదీ వేసి రాసి సంతకం పెట్టండి. ఖాళీగా ఉన్న ఆ రెండో సంతకం ఆయనతో పెట్టించండి.

---

కొత్తపేట కారం (గుంటూరు)

మాస్టారూ, వెళ్లేటప్పుడు విజిల్ ఇంట్లోనే పెట్టి వెళ్లండి. ఆయన పెసరట్టు తెస్తుంటే అలవాటు కొద్దీ ఊదేస్తారు.